డిపాజిట్ ఎవరి పేరు మీద ఉంది

ఇళ్ళు అద్దెకిప్పించే ఆఫీసులో పనిచేశానని తెలియగానే మనవాళ్ళు నన్నడిగేది ఒక్కటే. "ఆంటీ, రెండు బెడ్‌రూముల ఇల్లేదైనా ఉందా?" నేను రిటైరై రెండేళ్ళయింది. ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. హాల్లో పూజ జరుగుతుంటే అడుగుతారు. ఇండియన్ కొట్లో బెండకాయలు ఏరుకుంటుంటే అడుగుతారు. లేదంటే, ఉన్నదాన్ని దాచిపెట్టుకున్నానన్నట్టు చూస్తారు.

అందుకని ఖాళీ ఇళ్ళ గురించి ఇందులో ఏమీ రాయడం లేదు. నేను చేసిన ఒక పొరపాటు గురించి రాస్తున్నాను. మన పిల్లలు కొందరు ఈమధ్య ఇలాంటి ఆఫీసుల్లో చేరుతున్నారని విన్నాను. వాళ్ళకి పనికొస్తుందేమో. రాకపోయినా, ఆంటీ కూడా తప్పులు చేసిందని తెలుసుకున్న సంతోషమైనా మిగులుతుంది.

మాది వాటర్‌ఫోర్డ్‌లో చిన్న ఆఫీసు. నది పక్క రోడ్డు నుంచి ఒక సందులోకి తిరిగితే, కింద చెప్పులు బాగుచేసే షాపు, పైన మేము. మేమంటే ముగ్గురం. మా బాస్‌కి అప్పటికే అరవై దాటాయి. ఏడాది పొడవునా ఒకటే గోధుమరంగు స్వెటర్ వేసుకునేవాడు. అకౌంట్సు చూసే ఆవిడ నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆవిడకి "గ్రాండ్" అనే మాటని మూడు రకాలుగా పలకడం వచ్చు. ఒక గ్రాండ్‌కి బాగుందని అర్థం. రెండోదానికి సరేలే, కానివ్వు అని అర్థం. మూడోదానికి, నువ్వు చేస్తున్నది తప్పు, నేను చెప్పను, నీకే తెలిసొస్తుంది అని. మూడోదాన్ని గుర్తుపట్టడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

నేను తెనాలిలో బీఏ చదివాను. మా ఆయన ఉద్యోగం కోసం ఈ దేశం వచ్చాం. పిల్లలు స్కూల్లో కుదురుకున్నాక, ఆ ఆఫీసు కిటికీకి మనిషి కావాలన్న కాగితం అంటించి ఉంటే చూసి పైకి వెళ్ళాను. బాస్ నన్ను రెండు ప్రశ్నలడిగాడు. డ్రైవింగ్ వచ్చా, తొందరగా కోపం వస్తుందా అని. మొదటిది వచ్చు, రెండోది రాదు అన్నాను. రెండు జవాబుల్లో ఏదీ పూర్తిగా నిజం కాదు.

ఉద్యోగం కష్టమైనదేం కాదు. ఇల్లు చూపించడం, అగ్రిమెంటు రాయడం, తాళాలివ్వడం, వెళ్ళేటప్పుడు ఇల్లు తనిఖీ చేసి తాళాలు తీసుకోవడం. వీటన్నిటి మధ్యలో డిపాజిట్ అనేది ఒకటుంది. మా రోజుల్లో ఇక్కడ ఆ డబ్బు దాచడానికి ప్రత్యేకంగా ప్రభుత్వం వారి చోటేదీ లేదు. ఇంటి ఓనరు దగ్గరో, మాలాంటి ఆఫీసు దగ్గరో ఉండేది. అది ఎవరిదో చెప్పడానికి మిగిలేది కాగితమొక్కటే. ముగ్గురు కలిసి ఉంటున్న ఇంట్లో ఒకరు వెళ్ళిపోయి ఇంకొకరొస్తే, ఎవరి వాటా ఎవరు ఎవరికిచ్చారో ఒక ఫారం మీద రాసి అందరి చేతా సంతకాలు పెట్టించాలి. అగ్రిమెంటు రెన్యూ చేసినప్పుడు పాత డిపాజిట్ కొత్త కాగితంలోకి ఎక్కించాలి. బాస్ పెట్టిన నియమం ఒకటే. ఆ ఇంట్లో ఉండే పెద్దవాళ్ళందరూ సంతకం పెట్టాలి. ఒక్కరు తక్కువైనా కాగితం చెల్లదు.

హాస్పిటల్‌కీ, మెషిన్లు చేసే ఫ్యాక్టరీలకీ మనవాళ్ళు రావడం మొదలయ్యాక, తెలుగువాళ్ళ ఇళ్ళన్నీ నా బల్ల మీదికే వచ్చేవి. నాకది గర్వంగానే ఉండేది.

ఆ అమ్మాయి నిజామాబాద్ నుంచి వచ్చింది. హాస్పిటల్ ల్యాబులో ఉద్యోగం. రెండేళ్ళ పాపని, భర్తని హైదరాబాదులో వదిలిపెట్టి ముందుగా తనొక్కతే వచ్చింది. ఇద్దరు కేరళ నర్సులతో కలిసి మా దగ్గర మూడు గదుల ఇల్లు తీసుకుంది. ఏడాది తిరిగేసరికి భర్తకీ పాపకీ వీసాలొచ్చాయి. నర్సులిద్దరూ వేరే ఇల్లు చూసుకున్నారు. వాళ్ళ వాటా డిపాజిట్లు ఈ అమ్మాయే ఇచ్చేసింది. ముగ్గురూ ఆఫీసుకొచ్చి ఫారం మీద సంతకాలు పెట్టారు. డిపాజిట్ మొత్తం ఇకమీదట ఈమెదే అని నేనే నా చేత్తో రాశాను.

"ఆంటీ, దీని కాపీ ఒకటి ఇయ్యున్రి" అంది.

"మా ఫైల్లో ఉంటుంది కదమ్మా."

"మీ ఫైల్ల మీకుంటది. నాకు నాదుండాలె గదా."

కాపీ ఇచ్చాను. ఈ కాలం పిల్లలకి ఎంత అనుమానమో అనుకున్నాను.

కొన్ని నెలలకి అగ్రిమెంటు రెన్యూ చేయాల్సి వచ్చింది. ఆ రోజు అమ్మాయికి డ్యూటీ. భర్త వచ్చాడు. ఇక్కడి ఫ్యాక్టరీలో ఇంజినీరుగా చేరాడు. మంచి కుర్రాడు, మాట నెమ్మది. వస్తూ వస్తూ వాళ్ళ అత్తగారు పంపిన సకినాల పొట్లం తెచ్చాడు. మేం సకినాల గురించి మాట్లాడుకుంటూ కాగితాలు నింపాం. టెనెంట్ అన్నచోట రెండు గీతలుంటాయి. మొదటిదాని మీద అతని పేరు రాశాను. రెండోది వదిలేశాను. కింద "ఇంట్లో ఉండే ఇతరులు" అన్నచోట అమ్మాయి పేరు, పాప పేరు రాశాను. ఎందుకలా రాశానంటే, అతను నా ఎదురుగా కూర్చున్నాడు, ఆమె లేదు. అంతే. డిపాజిట్ గడిలో "పాతదే కొనసాగుతుంది" అని రాసి అంకె వేశాను. అంకె రాశాను, పేరు రాయలేదు.

కాగితం అకౌంట్సు ఆవిడకిచ్చాను. చూసింది. "భార్య సంతకం లేదే?" అంది.

"మా ఇళ్ళల్లో ఒక సంతకం చాలు" అన్నాను. అతను పక్కనే ఉన్నాడు, నవ్వాడు. నేనూ నవ్వాను.

"గ్రాండ్" అంది ఆవిడ.

మూడేళ్ళు గడిచాయి. అద్దె నెలనెలా వచ్చేది, ఫిర్యాదులేమీ లేవు. ఒకరోజు అతను ఆఫీసుకొచ్చి, రింగాస్కిడీలో మందుల ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చిందని, కారులో రెండు గంటల దూరం, కార్క్ వైపు వెళ్ళిపోతున్నామని చెప్పి నోటీసు ఇచ్చాడు. రూలు ప్రకారం ఎన్ని రోజులు ముందివ్వాలో అన్ని రోజులు ముందే ఇచ్చాడు. నేను సంతోషించాను. అక్కడ పాపకి స్కూలు దొరికిందా అనడిగితే దొరికిందన్నాడు. ఇంటి ఓనరుకి చెప్పాను. ఇల్లు కావాలని వరసలో ఉన్నవాళ్ళలోంచి కొత్తగా పెళ్ళైన ఒక జంటని ఎంపిక చేశాం. ఆమె టీచరు. అతను గార్డుల్లో, అంటే ఇక్కడి పోలీసుల్లో, ఉద్యోగం. ఇల్లు మీదే అని వాళ్ళకి మాటిచ్చాను.

ఖాళీ చేసే తేదీకి పది రోజులుందనగా అతను ఫోన్ చేశాడు. అక్కడి ఇంటికి డిపాజిట్ కట్టాలి, ఇక్కడిది కాస్త ముందు ఇప్పించగలరా ఆంటీ అని. తనిఖీ కాకుండా ఇవ్వకూడదు. కానీ మన కుర్రాడు, ఇబ్బందిలో ఉన్నాడు. ఇల్లు ఎలా ఉందో ఫోటోలు తీసి పంపమన్నాను. శుక్రవారం పంపాడు. గోడలు శుభ్రంగా ఉన్నాయి. ఫోటోల్లో ఎక్కడా మనుషుల్లేరు, ఆ మాటకొస్తే సామాను కూడా పెద్దగా కనపడలేదు. ఇప్పుడు ఆలోచిస్తే ప్రతి ఫోటో గది మూల నుంచి పైకప్పు వైపుకి తీశాడు.

"తనిఖీ అయిందా?" అనడిగింది అకౌంట్సు ఆవిడ.

"ఫోటోలొచ్చాయి."

"గ్రాండ్."

డబ్బు అతని అకౌంటుకి వెళ్ళిపోయింది.

శనివారం ఖాళీ చేయాలి. నేను మంగళవారం పొద్దున తనిఖీకి వెళ్ళాను. ఎలాగూ సర్దుకునే హడావిడిలో ఉంటారు, ఏవైనా మరమ్మతులుంటే ముందే చూద్దామని. అలవాటు కొద్దీ బెల్లు కొట్టాను. అమ్మాయి తలుపు తీసింది. నన్ను చూసి ముఖమంతా నవ్వయింది.

"రాండి ఆంటీ. ఇన్నొద్దులకు మా ఇల్లు యాదికొచ్చిందా?"

లోపలికి వెళ్ళాను. వంటింట్లోంచి పప్పు తాలింపు వాసన వస్తోంది. పాపకి జలుబని స్కూలుకి పంపలేదట, సోఫాలో దుప్పటి కప్పుకుని కార్టూన్లు చూస్తోంది. గోడకి పాప వేసిన బొమ్మలు అలాగే అంటించి ఉన్నాయి. అల్మరాలో గిన్నెలు గిన్నెల్లాగే ఉన్నాయి. ఒక్క అట్టపెట్టె కూడా లేదు.

"ఇంకా ఏమీ సర్దలేదేంటమ్మా?"

"ఏం సర్దాలె ఆంటీ?"

"శనివారం ఖాళీ చేస్తున్నారు కదా."

ఆమె ముందు వెళ్ళి స్టవ్ కట్టేసి వచ్చింది. వచ్చి నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరు చెప్పిన్రు?"

"మీ ఆయన. నోటీసు ఇచ్చాడు."

"నోటీసు" అంది. అడుగుతున్నట్టు అనలేదు, ఆ మాటని చేతిలోకి తీసుకుని చూస్తున్నట్టు అంది.

తర్వాత తనే నెమ్మదిగా చెప్పింది. రింగాస్కిడీ ఉద్యోగం సంగతి ఆమెకి తెలుసు. ల్యాబులో తన ఉద్యోగం ఈమధ్యే పర్మనెంటయింది, నేను రానని చెప్పింది. సరే, నేనక్కడ గది తీసుకుని శుక్రవారాలు వస్తానని అతనన్నాడు. రెండు వారాలుగా అలాగే వస్తున్నాడు. మొన్న ఆదివారం కూడా పాపని పార్కుకి తీసుకెళ్ళి, సాయంత్రం కారేసుకుని వెళ్ళాడు. ఇల్లు ఖాళీ చేస్తున్న మాట ఎవరూ ఎత్తలేదు.

"డిపాజిట్?" అంది.

"అతని అకౌంటుకి పంపాం."

"అది నాది గదా ఆంటీ."

"అవునమ్మా" అన్నాను. ఆలోచించాల్సిన అవసరం రాలేదు. ఆ క్షణంలో నాకు ఆ ఫారం, దాని మీద నా చేతిరాత, ముగ్గురాడపిల్లల సంతకాలు కళ్ళముందు కనిపించాయి.

ఆమె కోప్పడలేదు. "నా నంబరు మీ తాన లేదా?" అనడిగింది.

"ఉంది."

"మరి?"

సోఫాలోంచి పాప తల తిప్పి, "మమ్మీ, వి ఆర్ నాట్ మూవింగ్, ఆర్ వి?" అంది, అచ్చం వాటర్‌ఫోర్డ్ పిల్లలా.

"లేదు బిడ్డా. ఎక్కడికి పోతలేం" అంది తల్లి, నావైపు చూస్తూ. తర్వాత లేచింది. "కూసోండి, చాయ్ పెడ్త."

తాగాను. వద్దనే అర్హత నాకు లేదనిపించింది.

బయటికొచ్చి కారులో కూర్చుని అతనికి ఫోన్ చేశాను.

"చెప్పండి ఆంటీ."

"ఇంటికి వెళ్ళానయ్యా. మీ ఆవిడ ఉంది."

"చెప్పేసిన్రా?"

"నువ్వు చెప్పలేదని నాకెలా తెలుస్తుంది?"

"ఈ శుక్రవారం చెప్దామనుకున్న. ఇక్కడ ఇల్లు మంచిగున్నది ఆంటీ. వెనక తోట ఉన్నది. స్కూలు నడిచి పోవచ్చు. చూస్తే ఆమెకే నచ్చుతది. అక్కడ ఆ ఇల్లున్నన్ని రోజులు ఆమె కదలది. ఇల్లు లేకుంటే వస్తది గదా."

ఇంత సూటిగా చెబుతాడని నేననుకోలేదు. అతని గొంతులో దొంగతనం లేదు. ఇంటిని ఒకచోట కలపడానికి తను ఏదో కష్టపడుతున్నానన్న నమ్మకం ఉంది.

"ఆ డిపాజిట్ ఆమెదయ్యా."

"అద్దె మూడేండ్లు నేను కట్టిన. మా ఇద్దరికి నాదేంది, ఆమెదేంది? ఆరోజు మీరే అన్నరు, మన ఇండ్లల్ల ఒక సంతకం చాలని."

అన్నాను. కాదనలేదు.

ఆఫీసుకి వచ్చి బాస్‌కి జరిగింది చెప్పాను. అప్పటికి సగమే చెప్పాను. భార్యకి తెలియకుండా భర్త నోటీసిచ్చాడని, ఆమె కదలనంటోందని. బాస్ కళ్ళద్దాలు తీసి స్వెటర్‌కి తుడుచుకున్నాడు. పాపం ఆయనకి ఓనరు కనిపిస్తున్నాడు, మాటిచ్చిన కొత్త జంట కనిపిస్తోంది.

"అగ్రిమెంటులో టెనెంట్ అతనే కదా" అన్నాడు. "నోటీసు సరిగ్గానే ఉంది. ఆవిడ విషయంలో నాకు బాధగానే ఉంది. కానీ వాళ్ళింటి గొడవ మనం తీర్చలేం."

ఫైలు నా చేతిలో ఉంది. పైన అతని అగ్రిమెంటు, దానికింద రసీదులు, అన్నిటికన్నా అడుగున ఆ ఫారం. ఆ ఫైలు తెరిచి చదివేది ఆఫీసు మొత్తంలో నేనొక్కదాన్నే. ఏమీ మాట్లాడకుండా బల్ల మీద పెట్టేస్తే, తప్పు ఆ భార్యాభర్తలదై పోతుంది, నేను మామూలుగా ఇంటికెళ్ళిపోతాను. ఈ ఆలోచన నాకు రాలేదని చెప్పుకుంటే బాగుంటుంది. వచ్చింది. టీ పెట్టుకొస్తానని వంటగదిలోకి వెళ్ళాను. పాలు లేవు. పాలు లేకుండానే మూడు కప్పులు పోసి, కెటిల్ చుట్టూ ఉన్న నీళ్ళు తుడిచి, తుడిచిన చోటే మళ్ళీ తుడిచి, ఇంక తుడవడానికేమీ లేక బయటికొచ్చాను.

ఫారం తీసి బాస్ ముందు పెట్టాను. "డిపాజిట్ ఆమెది. అసలు టెనెంట్ కూడా ఆమే. రెన్యూ చేసినప్పుడు ఆమె పేరు నేను వదిలేశాను. ఆమె సంతకం తీసుకోలేదు. డబ్బు కూడా తనిఖీ కాకుండా నేనే ఇప్పించాను."

బాస్ రెండుసార్లు చదివాడు. అకౌంట్సు ఆవిడ తల ఎత్తకుండానే అడిగింది. "ఇల్లు వదిలేస్తానని ఆ అమ్మాయి ఎప్పుడైనా రాసిచ్చిందా?"

"లేదు."

"అయితే ఆమె టెనన్సీ ఎప్పుడు ముగిసింది?"

బాస్ ఆ ఫారం తీసి అగ్రిమెంటు మీద పెట్టాడు.

"సరే, అదీ సంగతి" అన్నాడు బాస్. ఓనరుతో తను మాట్లాడతానన్నాడు. ఆమె పేరు మీద డిపాజిట్ ఆఫీసు డబ్బుతో మళ్ళీ జమ చేయమని అకౌంట్సు ఆవిడకి చెప్పాడు. నా జీతంలో కోసుకోండి అన్నాను.

"కోసుకోను. నువ్వు కడితే అది మీ ఊరివాళ్ళ మధ్య సర్దుబాటు అవుతుంది. తప్పు ఆఫీసుది, ఆఫీసే కడుతుంది" అన్నాడు. ఆగి, "ఆ కొత్త జంటకి మాత్రం నువ్వే ఫోన్ చెయ్" అన్నాడు.

చేశాను. టీచరమ్మ ఎత్తింది. ఇల్లు ఖాళీ కావడం లేదు, పొరపాటు మాదే అని చెప్పాను. వాళ్ళు ఉంటున్న ఇంటికి అప్పటికే నోటీసిచ్చేశారు, కర్టెన్లు కూడా కొన్నారు. ఆమె అరిచి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. "రైట్" అంది. మళ్ళీ "రైట్" అని పెట్టేసింది. తర్వాత రెండు నెలలు వాళ్ళు ఆమె తల్లిగారింట్లో ఒక గదిలో ఉన్నారని, ఆపైన ఎక్కడో సముద్రం వైపు చిన్న ఫ్లాటు దొరికిందని విన్నాను. వెతికిపెట్టింది మేము కాదు. మా ఆఫీసు మెట్లు మళ్ళీ వాళ్ళు ఎక్కలేదు.

మరుసటి వారం అమ్మాయి ఆఫీసుకొచ్చింది, కొత్త అగ్రిమెంటు మీద సంతకానికి. తన పాత కాపీ కూడా వెంట తెచ్చుకుంది, ఎవరూ అడగకపోయినా. టెనెంట్ గీత మీద ఆమె పేరు రాశాను. డిపాజిట్ గడిలో అంకె, పక్కన పేరు రాశాను. ఆమె నిలబడే మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివింది. వెనక తాళాల కోసం ఇద్దరు ఎదురుచూస్తున్నారు. వాళ్ళని చూసి కూడా తొందరపడలేదు.

"మీ ఆయన?" అనడిగాను, సంతకమయ్యాక.

"శుక్రవారం వచ్చిండు" అంది. తన కాపీలు రెండూ బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ నెలాఖరుకి అతను ఆఫీసు డబ్బు మొత్తం తిరిగి పంపాడు, ఒక్క మాట కూడా రాయకుండా.

ఆ తర్వాత రెన్యూవల్‌కీ, బాయిలర్ చెడిపోయినప్పుడూ ఆమెతో చాలాసార్లు మాట్లాడాను. ఎప్పుడూ మర్యాదగానే మాట్లాడేది. దీపావళికి ఎదురుపడితే నవ్వేది. దాంతో నా మనసులో ఒక కథ స్థిరపడింది. నేను తప్పు చేశాను, కానీ దాచకుండా ఒప్పుకున్నాను, ఆమె అర్థం చేసుకుని క్షమించింది. ఈ కథ మా ఆయనకి చెప్పాను. ఇక్కడి తెలుగమ్మాయిల్లో ఒకరిద్దరికి చెప్పాను. చెప్పినప్పుడల్లా అందులో నేను కొంచెం కొంచెం మంచిదాన్నయ్యాను.

నేను రిటైరవడానికి కొన్ని నెలల ముందు వాళ్ళు సొంత ఇల్లు కొనుక్కున్నారు, వాటర్‌ఫోర్డ్‌లోనే. అతను రెండేళ్ళు రింగాస్కిడీ తిరిగి తిరిగి, చివరికి ఇక్కడే పని చూసుకుని వచ్చేశాడు. ఎవరు ఎవర్ని ఒప్పించారో నాకు తెలియదు. ఇల్లు ఖాళీ చేసే రోజున తనిఖీకి నేనే వెళ్ళాను. ఈసారి నిజంగానే ఖాళీగా ఉంది. అతను బయట వ్యాన్‌లో పెట్టెలు సర్దుతున్నాడు. నన్ను చూసి "బాగున్నరా ఆంటీ" అని తలొంచుకుని పెట్టెల్లో పడ్డాడు.

గదులన్నీ తిరిగాం. అంతా బాగుంది. డిపాజిట్ మొత్తం ఆమె అకౌంటుకే అని రాసి కాగితం చేతికిచ్చాను. చదువుకుంది, మడిచి బ్యాగులో పెట్టుకుంది.

ఇంక కలవమేమో అనిపించి, చాలా ఏళ్ళుగా అనాలనుకుంటున్న మాట అన్నాను. "ఆరోజు నువ్వు నామీద కంప్లయింట్ పెట్టి ఉంటే నా ఉద్యోగం పోయేదమ్మా. పెట్టలేదు. నేనది మర్చిపోను."

ఆమె నావైపు వింతగా చూసింది.

"పెట్టిన ఆంటీ" అంది. "గా వారంలనే. మీ సారుకు లెటర్ రాసిన. జవాబు కూడ వచ్చింది. మీకు చెప్పలేదా?"

లేదన్నాను.

"నేను మీకు తెల్సనుకున్న" అంది. ఆమెకి కొంచెం ఇబ్బందిగా అనిపించినట్టుంది. నా చెయ్యి పట్టుకుని, "ఇల్లు సర్దినంక ఒకసారి రాండి" అంది. వస్తానన్నాను.

ఆఫీసుకొచ్చి బాస్‌నడిగాను. ఆయన కొంచెంసేపు గుర్తుతెచ్చుకుని, తన సొరుగు అడుగునుంచి ఒక కవరు తీశాడు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను.

"ఏం చెప్పాలి? ఆమె రాసింది నిజం. నిజమని జవాబు రాశాను. నువ్వప్పటికే అన్నీ ఒప్పుకున్నావు. మళ్ళీ దానిమీద ఉత్తరం చూపించడం ఎందుకనుకున్నాను." కవరు నావైపు జరిపి అడిగాడు. "చదవాలా?"

"చదవాలి."

అకౌంట్సు ఆవిడ తన బల్ల దగ్గర్నుంచి తలెత్తి చూసింది.

రెండు పేజీలు. ఇంగ్లీషులో, ల్యాబు రిపోర్టులా శుభ్రంగా రాసింది. తేదీలు, ఏ రోజు ఏం సంతకం పెట్టింది, ఏది తనని అడగకుండా జరిగింది, అన్నీ వరుసగా ఉన్నాయి. పెద్ద మాటలేవీ లేవు. క్షమించి వదిలేయమనీ లేదు, ఉద్యోగంలోంచి తీసేయమనీ లేదు. భర్త గురించి ఒకే ఒక వాక్యం ఉంది, అది తామిద్దరి మధ్య విషయమని. నా పేరు ఎక్కడా రాయలేదు. చివరి వాక్యం మాత్రం నా గురించే. నిలబడే చదివాను.

మీ ఆఫీసులో నా భాష మాట్లాడే మనిషి ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరూ నన్ను అడగలేదు.